పాలెర్మో సంతలో సొరతీగ, అనంతపురంలో ఇటలీ వంట

ఇటలీకి దక్షిణాన సిసిలీ దీవిలో పాలెర్మో అని ఊరు, ఆ ఊర్లో బల్లారో అని చానా పాత సంత. సన్న సందులు, పైన గుడ్డ పందిళ్ళు, రెండు పక్కలా బండ్లు, అరుపులు, అచ్చం మన అనంతపురం పాతూరి మార్కెట్ మాదిరే. అక్కడ ఒక బండి మీద మీటరు పొడుగున లేతపచ్చ కాయలు వరసగా పేర్చి ఉంటే మా అమ్మ నడుస్తా నడుస్తా ఆగిపోయింది. "ఏంరా, ఇది మన సొరకాయే కదా, ఇంత పొడుగు కాసిందేంరా" అని మా తమ్ముణ్ణి అడిగింది. నిజంగానే సొరకాయే. వాళ్ళు కుకుట్సా అంటారు, జాతి మాత్రం మనదే, కాకపోతే వాళ్ళది సన్నగా పొడుగ్గా సాగే రకం. ఇంకో విశేషం ఏమంటే, కాయల పక్కనే ఆ తీగ చివర్లు, లేత ఆకులు, నులితీగలతో సహా పెద్ద పెద్ద కట్టలు కట్టి పెట్టినారు. వాటి పేరు తెనెరూమి. ఎండాకాలం పొడుగూతా పాలెర్మో ఇళ్ళల్లో ఆ ఆకుతో చారు కాసి అందులో స్పగెట్టీ అనే సన్న పొడుగు పాస్తా విరిచి వేసుకుంటారంట. మేం నిలబడిన పది నిమిషాల్లో కాయలు అడిగినోళ్ళు తక్కువ, ఆకు కట్టలు కొన్నోళ్ళే ఎక్కువ. మా పెరట్లో సొరతీగ గోడ దాటి పాకితే కత్తిరించి పక్కింటి బర్రెకు వేసేవాళ్ళం ఇన్నాళ్ళూ.

మా తమ్ముడు ఉత్తర ఇటలీలో బొలోన్యా అనే ఊర్లో చదువుకునేటప్పుడు సెప్టెంబర్‌లో నేనూ అమ్మా పోయి పదహైదు రోజులు ఉండొచ్చినాం. అప్పటిదాకా ఇటలీ తిండి అంటే నాకు తెలిసింది పిజ్జా, వైట్ సాస్ పాస్తా, దాని మీద చీజ్. అక్కడ ఇళ్ళల్లో, చిన్న హోటళ్ళలో తిన్నది వేరే. పొద్దున సంతకు ఏమొచ్చిందో అదే మధ్యాహ్నం వంట, అందులో నూనె, తెల్లగడ్డ, ఉప్పు, కొంచెం పులుపు, అంతే. కుచీనా పోవెరా అని వాళ్ళకొక మాట ఉంది, పేదోళ్ళ వంట అని అర్థం, దాన్ని వాళ్ళు తలెత్తుకొని చెప్తారు. పాసిపోయే రొట్టెను, ముదిరిపోయే కూరగాయను, ఆకునూ కాడనూ పారేయకుండా రుచిగా చేసుకోవడమే ఆ వంట. మనది కూడా దేశంలో చానా తక్కువ వాన పడే జిల్లాల్లో ఒకటి, సద్దిసంగటి, ఊరిబిండి, చెనక్కాయల మీద బతికిన నేల, ఆ వంట మనకు కొత్తగా నేర్పాల్సిన పనే లేదు. అందుకే ఇక్కడ నేను చెప్పేది ఫారిన్ సామాన్లు కొనుక్కొచ్చి చేసే ఇటాలియన్ వంట కాదు, వాళ్ళు వాళ్ళ సంతతో చేసే పని మనం మన రైతుబజారుతో ఎట్ల చేయాలో అది.

మొదట సంత సంగతి. బొలోన్యాలో ఒక ముసలావిడ దగ్గర నేను పచ్చి బఠానీ అడిగినా. ఆమె నా మొహం చూసి, తల అడ్డంగా ఊపి, "ప్రిమావేరా" అనింది. వసంతకాలంలో రా అని. అంత పెద్ద మార్కెట్‌లో ఫ్రిజ్‌లో పెట్టింది తెచ్చివ్వొచ్చు కదా, ఇవ్వల్యా, దాని బదులు వంకాయ చేతిలో పెట్టి దాన్నెట్ల కోయాలో వేళ్ళతో గీసి చూపించింది. మన దగ్గర కూడా సంతలో కూర్చునే పెద్దమ్మలు ఇదే చెప్తారు, "అనపకాయలు ఇప్పుడు యాడొస్తాయమ్మా, సంక్రాంతి ముందర రా" అని. మనమే వినం. ఫోన్‌లో రెసిపీ చూసి లిస్టు రాసుకొని పోయి, జూన్‌లో క్యాలీఫ్లవరూ జనవరిలో మామిడికాయా వెతుకుతాం. లిస్టు ఇంట్లో పెట్టి పోండి. సంతలో ఏ కుప్ప పెద్దగా ఉందో, ఏ కుప్ప దగ్గర ఆడోళ్ళు వంగి ఏరుతున్నారో అదే ఆ వారం కూర, అదే అగ్గువ కూడా.

మన కాలాలు నేను ఇట్ల లెక్కేసుకుంటా. ఎండాకాలంలో సొరకాయ, బీరకాయ, దోసకాయ, మునక్కాయ, పచ్చి మామిడికాయ. వానలు పడినాక ఆకుకూరలు, గుమ్మడిపూలు, గోరుచిక్కుళ్ళు. దీపావళి దాటినాక సంక్రాంతి దాకా మనకు పండగే, లేత వంకాయలు, చిక్కుళ్ళు, అనపకాయలు, ముల్లంగి, క్యాబేజీ, కుప్పలు కుప్పలుగా టమాటాలు.

ఇంక చేతి అలవాట్లు రెండు మూడు మార్చుకోవాలి, ఇవి మారకపోతే ఏం చేసినా చివరికి మన తిరగమాత కూరే వస్తుంది. ఒకటి, తెల్లగడ్డ. మనం నూనె బాగా కాగినాక వేసి ఎర్రగా వేయిస్తాం. వాళ్ళు చల్లటి నూనెలోనే నలిపిన తెల్లగడ్డ వేసి సన్న సెగ పెడతారు, నూనె మెల్లగా వేడెక్కతా ఆ వాసన అంతా నూనెలోకి దిగుతుంది, తెల్లగడ్డ లేత పసుపు రంగుకు రాగానే కూరగాయ వేసేస్తారు. ఎర్రబడిందంటే చేదు దిగినట్టే, తీసేసి మళ్ళీ మొదలుపెట్టండి. రెండు, నూనె. ఆలివ్ నూనె తప్పనిసరి కాదు. దాన్ని వాళ్ళు వాడేది అది వాళ్ళ నేలలో పండింది కాబట్టి. మన నేలలో పండేది చెనక్కాయ. గానుగ నూనె మంచిది దొరికితే వండేటప్పుడు కొంచెం, దించినాక పైన పచ్చిది ఒక స్పూను. పచ్చి నూనె పోసుకోవడం మనకు కొత్తా ఏమి, ముద్దపప్పులో, పచ్చడన్నంలో పోసుకోమా. ఒకవేళ ఆలివ్ నూనే కొంటామంటే ఎక్స్‌ట్రా వర్జిన్ అని ఉన్న చిన్న సీసా కొని పైన పోసుకోవడానికి మాత్రమే ఉంచుకోండి. పోమేస్ అని రాసి ఉన్న పెద్ద డబ్బా అగ్గువగా వస్తుంది గానీ అది నూనె పిండేసిన పిప్పి నుంచి మళ్ళీ తీసి శుద్ధి చేసిన నూనె, వాసనా రుచీ ఏమీ ఉండవు, దానికన్నా మన గానుగ నూనె ఎంతో మేలు.

మూడోది పాస్తా ఉడకబెట్టడం. ప్యాకెట్ మీద డ్యూరమ్ గోధుమ అని ఉందో లేదో చూడండి, మైదా పాస్తా అయితే రెండు నిమిషాల్లో జావ అవుతుంది. నూరు గ్రాములకు లీటరు నీళ్ళు, లీటరుకు పది గ్రాములు అంటే రెండు చిన్న స్పూన్ల దగ్గర్లో ఉప్పు, నీళ్ళు తెర్లినాకే వేయాలి. ప్యాకెట్ మీద రాసిన టైముకు రెండు నిమిషాల ముందే తీసి కూర ఉన్న బాండ్లిలో వేసి, ఆ ఉడికిన నీళ్ళు ఒక గరిటె పోసి, పెద్ద మంట మీద ఊపండి. ఆ నీళ్ళల్లో ఉన్న గంజి నూనెతో కలిసి చిక్కటి పూత మాదిరి పట్టుకుంటుంది, క్రీమూ వద్దు, కార్న్‌ఫ్లోరూ వద్దు. ఆ నీళ్ళు సింకులో పారబోస్తే సగం వంట పారబోసినట్టే.

ఇప్పుడు సొరతీగ చారు. నలుగురికి చెప్తా. తీగ చివరి నుంచి జానెడు లోపల ఉన్న భాగమే కోయండి, చేత్తో విరిస్తే టక్కుమని విరగాలి, వంగిందంటే ముదిరిపోయిందని. మొదటిసారి నేను ముదురు ఆకులు కూడా వేసేసినా, పీచు పీచుగా వచ్చి ఇంట్లో ఎవరూ తినలేకపోయినారు. ఆకులకు సన్న నూగు ఉంటుంది, పెద్ద గిన్నెలో నీళ్ళు పోసి మూడుసార్లు కడగాలి, కాడకు నార ఉంటే చిక్కుడుకాయకు తీసినట్టు లాగేయండి. రెండు చేతులకూ నిండుగా వచ్చేంత ఆకు కావాలి, ఉడికితే పిడికెడు అవుతుంది. లీటరుంపావు నీళ్ళల్లో ఉప్పు వేసి తెర్లినాక ఆకు తరిగి వేసి పది పన్నెండు నిమిషాలు మెత్తగా ఉడకనివ్వండి, లేత సొరకాయ ముక్కలు ఒక గుప్పెడు వేస్తే ఇంకా బాగుంటుంది. ఈలోపల ఇంకో పొయ్యి మీద మూడు స్పూన్ల నూనె, నాలుగు తెల్లగడ్డ రెబ్బలు, ఒక ఎండుమిరపకాయ విరిచి, ఇందాక చెప్పినట్టు సన్న సెగ మీద. అవి వాసన రాగానే మూడు బాగా పండిన టమాటాలు తొక్క తీసి నలిపి వేసి, నూనె పైకి తేలేదాకా కాదు, పచ్చి వాసన పోయేదాకా మాత్రమే, ఎనిమిది నిమిషాలు చాలు. ఆకు ఉడికిన నీళ్ళల్లోనే నూటయాభై గ్రాముల స్పగెట్టీ గుడ్డలో చుట్టి అంగుళం ముక్కలుగా విరిచి వేసి, అది ఉడకంగానే టమాటా అందులో కలిపి మూత పెట్టి పది నిమిషాలు వదిలేయండి. వేడి వేడిగా తాగాలనుకుంటారు గానీ వాళ్ళు దీన్ని గోరువెచ్చగా తింటారు, మన మే నెల ఎండకు అట్లే బాగుంటుంది. తినేటప్పుడు పైన పచ్చి నూనె. సేమియా ఉప్మా తినే పిల్లలు దీన్ని రెండోసారి పెట్టించుకుంటారు, మా ఇంట్లో అయితే అంతే.

ఒక మాట మర్చిపోకముందే చెప్తా. సొరకాయ ముక్క కోసి నాలుకకు తాకించి చూడండి, చేదుగా ఉంటే మొత్తం పారేయండి, ఉడికిస్తే పోతుందిలే అనుకోవద్దు, జ్యూసు చేసుకొని తాగొద్దు. ఆ చేదు నిజంగా విషమే, మనుషులు ఆస్పత్రి పాలైనారు దానివల్ల.

చలికాలం రాగానే నా చేయి పోయేది వంకాయ మీదికి. సిసిలీలోనే కపొనాతా అని చేస్తారు, పుల్లగా తియ్యగా ఉండే వంకాయ కూర, వెనిగర్, చక్కెర కలిపి. ఒక ముద్ద నోట్లో పెట్టుకొని మా అమ్మ "ఇది పులుసే కదా, చింతపండు లేదు అంతే" అనింది. ఆ మాట పట్టుకొనే నేను ఇంట్లో చింతపండు, బెల్లంతో చేయడం మొదలుపెట్టినా. అరకిలో వంకాయలు, పొడుగువైనా గుండ్రవైనా గింజ ముదరనివి, అంగుళం ముక్కలు కోసి ఉప్పు చల్లి జల్లెడలో అరగంట పెట్టి చేత్తో గట్టిగా పిండండి. ఇట్ల చేస్తే నీళ్ళు పోయి ముక్క లోపలి స్పాంజి మాదిరి ఖాళీలు అణిగిపోతాయి, నూనె తక్కువ తాగుతుంది. ఆ ముక్కల్ని వెడల్పు బాండ్లిలో నూనెలో రెండు విడతలుగా, ఒక్కో ముక్క పెనానికి తగిలేటట్టు, అంచులు ఎర్రగా వచ్చేదాకా వేయించి పక్కన తీయండి. అన్నీ ఒకేసారి పోస్తే వేగవు, ఆవిరికి ఉడికిపోతాయి. అదే బాండ్లిలో రెండు ఎర్రగడ్డలు నిలువుగా కోసినవి మెల్లగా మగ్గనివ్వాలి. వాళ్ళు సెలరీ కాడ వేస్తారు, పంటికి కరకరలాడటానికి. నేను క్యాబేజీ మధ్యలో ఉండే తెల్లటి గట్టి కాడ, మనం పారేసేది, సన్న ముక్కలు కోసి వేస్తా, ఆ పని అది చక్కగా చేస్తుంది. తర్వాత మూడు టమాటాలు, పది నిమిషాలు. కేపర్లు అని ఉప్పులో ఊరేసిన మొగ్గలు వేస్తారు వాళ్ళు, దాని బదులు పాత నిమ్మకాయ ఊరగాయ ముక్క ఒకటి కారం కడిగేసి సన్నగా తరిగి వేయండి. చిన్న నిమ్మకాయంత చింతపండు రసం, ఒకటిన్నర స్పూను బెల్లం పొడి వేసి దగ్గరపడినాక వంకాయ ముక్కలు కలిపి దించేయాలి, ఇంక కలబెట్టకూడదు. పైన వేయించిన చెనక్కాయ పలుకులు, వాళ్ళు పైన్ గింజలు వేసే చోట. మసాలా ఏదీ వద్దు, ధనియాల పొడి కూడా వద్దు, ఒక్కసారి నా మాట విని అట్ల చేసి చూడండి. వండిన రోజు తినొద్దు. రాత్రంతా ఊరి, మర్నాడు ఫ్రిజ్‌లోంచి తీసి చల్లదనం పోయినాక జొన్నరొట్టెలోకి పెట్టుకుంటే అప్పుడు తెలుస్తుంది పులుపూ తీపీ ఉప్పూ ఎట్ల ఒకటైపోతాయో.

టమాటా గురించి చెప్పాలంటే నాకు కొంచెం బాధగానే ఉంటుంది. మా మేనత్త వాళ్ళది పత్తికొండ పక్కన పల్లె. ధర పడిపోయిన ఏడాది ట్రాక్టరు బాడుగ కూడా రాదని కోయకుండా చేలోనే వదిలేసినారు. మార్కెట్ దాకా తెచ్చినోళ్ళు రోడ్డు పక్కన పారబోయడం మనం ఎన్నిసార్లు చూడల్యా. ఇటలీలో ఆగస్టు నెలలో ముఖ్యంగా దక్షిణాన ఇంటిల్లిపాదీ కూర్చొని ఏడాదికి సరిపడా టమాటా గుజ్జు తీసి సీసాలకెత్తుకుంటారు, పస్సాతా అంటారు దాన్ని, మనం మామిడికాయ ఊరగాయ పెట్టుకున్నట్టు. టమాటా వాళ్ళదీ కాదు, మనదీ కాదు, అమెరికా ఖండం నుంచి వచ్చింది. ఇటలీలో దాని పేరు మొదటిసారి కనపడేది 1540లలో, టమాటా సాస్ వండే పద్ధతి అచ్చులోకి వచ్చింది 1690లలో నేపుల్స్‌లో, అది కూడా స్పెయిన్ పద్ధతి అని పేరు పెట్టి. బయట నుంచి వచ్చిందాన్ని అంత సొంతం చేసుకున్నారు.

ధర పడినప్పుడు ఐదు కిలోలు తెచ్చుకోండి. కండగల, పుల్లటివి, మచ్చ ఉన్న చోటు కోసేసి నాలుగు ముక్కలు చేసి నీళ్ళు పోయకుండా కొంచెం ఉప్పుతో మూత పెట్టి ఇరవై నిమిషాలు మగ్గనివ్వండి. జల్లెడలో వేసి గరిటె వెనకతో రుద్దితే గుజ్జు కిందికి దిగి తొక్కా గింజా పైన మిగులుతాయి. మిక్సీ వేయొద్దు, గింజ నలిగితే చేదు. గుజ్జు మళ్ళీ పొయ్యి మీద పెట్టి గరిటెతో గీస్తే గీత ఒక క్షణం నిలిచేదాకా ఇగరనివ్వండి. అల్లం వద్దు, కారం వద్దు, పసుపు వద్దు, అవన్నీ వండేరోజు వేసుకోవచ్చు. చల్లారినాక చిన్న డబ్బాలకెత్తి ఫ్రీజర్‌లో పెడితే నాలుగైదు నెలలు ఢోకా లేదు, ఫ్రిజ్ కింద అరలో అయితే నాలుగు రోజుల్లో వాడేయాలి. సీసాల్లో పోసి బయట నిలవ ఉంచాలనుకునేవాళ్ళు లీటరుకు రెండు పెద్ద స్పూన్ల నిమ్మరసం వేసి, మూత బిగించిన సీసాల్ని నీళ్ళల్లో ముంచి నలభై నిమిషాలకు తక్కువ కాకుండా తెర్లించాలి. పులుపు చాలని, గాలి చొరబడని సీసాలో కంటికి కనపడని విషం తయారవుతుంది కాబట్టి నేను ఫ్రీజరే నమ్ముకున్నా.

అనపకాయల కాలంలో పాస్తా ఎ ఫజోలి చేయకపోతే నాకు చలికాలం పోయినట్టే ఉండదు. అది వాళ్ళ చిక్కుడుగింజల పాస్తా, చారుకు ఎక్కువ కూరకు తక్కువ. రెండు కప్పుల అనపగింజలు, పితకాల్సిన పని లేదు తొక్కతోనే, ఒక ఎర్రగడ్డ, ఒక క్యారెట్ సన్నగా తరిగి నూనెలో పది నిమిషాలు సన్న సెగ మీద మగ్గబెట్టి, గింజలూ మూడు గరిటెల టమాటా గుజ్జూ లీటరు నీళ్ళూ పోసి కుక్కర్‌లో మూడు విజిల్స్. గింజ వేళ్ళ మధ్య వెన్న మాదిరి నలగాలి, పలుకుగా ఉంటే మళ్ళీ పెట్టండి, ఈ గింజ పచ్చిపచ్చిగా తినేది కాదు. సగం గింజలు పప్పుగుత్తితో మెదిపి అదే నీళ్ళల్లో చిన్న పాస్తా ఒక కప్పు వేసి అడుగంటకుండా కలుపుతా ఉడికించండి. గరిటె నిలబడేంత చిక్కగా రావాలి. పైన పచ్చి నూనె, మిరియాల పొడి. అనపగింజల వాసన ముందర ఇంకేమీ అడ్డం రాకూడదు.

ఆకుకూరలది సులభం. రోమ్‌లో చేదు ఆకుల్ని ఉప్పునీళ్ళల్లో ఉడికించి, గట్టిగా పిండి, తెల్లగడ్డ ఎండుమిరపకాయ నూనెలో ఐదు నిమిషాలు తిప్పుతారు, అంతే. వాన పడినాక చెంచలాకు, తోటకూర, చిర్రాకు ఏదైనా ఇట్ల చేసుకోవచ్చు, పిండటం మాత్రం గట్టిగా పిండాలి. గుమ్మడిపూలైతే సన్న కాడ ఉన్న మగపూలే కోయండి, బుడిపె ఉన్న ఆడపూవు కోస్తే కాయ పోతుంది. మన బజ్జీల పిండి కన్నా మైదాలో చల్లటి సోడా పోసి పల్చగా కలిపిన పిండి ఆ పూవుకు తగింది, పూవు రుచి తెలుస్తుంది.

సంగటి మిగిలితే సద్దికే వేయాలని లేదు. ఉత్తరాన వాళ్ళు మొక్కజొన్న పిండితో పొలెంతా అని మన సంగటి లాంటిదే కెలుకుతారు, మిగిలింది పళ్ళెంలో పరిచి గడ్డకట్టినాక ముక్కలు కోసి పెనం మీద కాలుస్తారు. రాగిసంగటి కూడా వేడిగా ఉన్నప్పుడే నూనె రాసిన పళ్ళెంలో అంగుళం మందాన పరిచి, పొద్దునకు కోసి, రెండు పక్కలా కరకరలాడేటట్టు కాల్చి, పైన ఆ మిగిలిన కపొనాతా పెట్టుకోండి. అన్నం తక్కువ ఉండే సంగటి అయితే ముక్క విరగకుండా నిలుస్తుంది.

ఇటలీ వంటల్లో వాసనకు వేసే బేసిల్ ఆకు కోసం సూపర్ మార్కెట్ల చుట్టూ తిరగొద్దు, తులసి వేయొద్దు, ఘాటు వేరే. ఎండాకాలం నానబెట్టుకొని తాగే సబ్జా గింజలున్నాయి కదా, ఆ చెట్టూ బేసిలూ ఒకే జాతి. ఒక చిటికెడు కుండీలో చల్లి, పైన పల్చగా మట్టి పోసి, తడి ఆరకుండా చూస్తే వారం పది రోజుల్లో మొలుస్తాయి. వాళ్ళ ఆకంత వెడల్పు రాదు, వాసన కొంచెం ఘాటు, అందుకే సగమే వేయండి, అది కూడా దించినాక చేత్తో తుంచి. పూత వస్తే గిల్లేయాలి, లేకపోతే ఆకు చిన్నదైపోతుంది.

ఇంక చీజ్. దక్షిణ ఇటలీలో చీజ్ కొనలేని ఇళ్ళల్లో ఎండిన రొట్టె పొడిని నూనెలో ఎర్రగా వేయించి పాస్తా మీద చల్లుకునేవాళ్ళు, ఇప్పటికీ ఇష్టంగా చల్లుకుంటారు. మన ఇళ్ళల్లో ఎండిన రొట్టె ఉండదు, ఉగ్గాని కోసం తెచ్చిన బొరుగులు ఉంటాయి. రెండు గుప్పెళ్ళ బొరుగులు చేత్తో బరకగా నలిపి, రెండు స్పూన్ల నూనెలో నలిపిన తెల్లగడ్డతో, కొంచెం ఎండుమిరప గింజలతో సన్న సెగ మీద బంగారు రంగు వచ్చేదాకా కలుపుతా వేయించి ఉప్పు వేయండి, చివర్లో ఒక స్పూను చెనక్కాయ పొడి. పాస్తా పళ్ళెంలో పెట్టినాక, తినే మనిషి కూర్చున్నాక, అప్పుడు చల్లాలి. ముందే చల్లితే మెత్తబడిపోతాయి.

ఈ వారం సంతలో బీరకాయలు లేతగా వచ్చినాయి. చక్రాలుగా కోసి, తెల్లగడ్డ నూనెలో మూత పెట్టకుండా పెద్ద మంట మీద వేయించి, పాస్తా నీళ్ళు ఒక గరిటె, పైన బొరుగులు. తొక్కలు పారేయకండి, పచ్చడికి పక్కన పెట్టుకోండి.